గనులయందును సొరంగములయందును పైకప్పు నిలుకడ: పరీక్షయు, పర్యవేక్షణయు

గౌతమీ తీరమున మా ఫరంపేటవంటి గ్రామములలో నుయ్యి త్రవ్వు విధము పాఠకులలో పలువురు చూచియే యుందురు. పైన ఒండ్రుమన్ను, దాని క్రింద ఇసుక. కొద్ది అడుగులు దిగునప్పటికే నీరూరును. ప్రక్కలు జాఱి లోనికి వచ్చును. కావున నూతిపనివాడు మొదట గోయి త్రవ్వి పిమ్మట ఒరలు పేర్చడు. ఒరను నేలపై నుంచి, దానిలోపల కూర్చుండి మన్ను తీయుచు, ఒరతోపాటు తానును దిగును. త్రవ్వకము ఎంతో ఆధారమును అంతే. ఒర ఒక ప్రక్కకు ఒరిగినను, అడుగునుండి ఇసుక పొంగినను, గట్టుమీది మనుష్యులు కేకవేసి అతనిని పైకి లాగుదురు. నేల స్వభావమును ముందుగా అంచనా వేయుట, దానికి తగిన ఆధారము నిచ్చుట, కదలికను కనిపెట్టి సకాలమున మనుష్యుని వెలికి రప్పించుట అను మూడును ఈ చిన్న నూతియందే యున్నవి. వేయి అడుగుల లోతున నున్న బొగ్గుగనికైనను ఇంతకు మించిన సూత్రము లేదు. మూడవదానినిగూర్చి ఈ వ్యాసమున ఎక్కువగా చెప్పదలచితిని.

నేను భూగర్భశాస్త్రజ్ఞుడను కాను. తెలుగువారే నిండియున్న యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో చేరియుండుటచే, ఆ పాలనలో తెలుగు అల్పసంఖ్యాకుల భాష. అట్టి పాఠశాలలో తెలుగు బోధించుట నా వృత్తి. 2025 ఫిబ్రవరి 22వ తేదీన తెలంగాణములో నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంటవద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగపు పైకప్పు కూలి, ఎనమండుగురు లోపల చిక్కుకొనిరి. తరువాతి దినములలో తరగతిలో పత్రిక చదివించుచుండగా ఒక బాలుడు, "కూలిపోతుందని ముందే తెలీదాండీ మాస్టారూ?" అని యడిగెను. ఆనాడు నాకు సమాధానము తోచలేదు. పిమ్మట చదివి తెలిసికొన్నది ఇచ్చట క్రోడీకరించుచున్నాను.

మొదట కప్పు ఏల కూలునో చూతము. భూమిలోనికి దిగినకొలది పైనున్న రాతిబరువు పెరుగును. ఘనమీటరు రాయి సుమారు రెండున్నర టన్నులు తూగును గనుక, 200 మీటర్ల లోతున ఒక చదరపు మీటరుపై 500 టన్నుల బరువుండును. రాయి కదలక యున్నంతకాలము ఈ బరువు వలన హాని లేదు. కొన్ని కోట్ల యేండ్లుగా అట్లే నిలిచియున్నది. మనుష్యుడు అచ్చట ఒక దారి త్రవ్వగానే ఆ దారిమీది బరువు నిలుచుటకు చోటు లేక ప్రక్కలకు తిరిగి, మిగిలిన రాతిపై పడును. ఇటుకల కమాను తనమీది గోడబరువును రెండు ప్రక్కల స్తంభములకు పంచునట్లే, త్రవ్విన దారికిపైన రాతిలో కంటికి కనిపించని కమాను ఒకటి ఏర్పడును. ఆ కమానునకు పైనున్నది నిలుచును. కమానునకును దారికిని నడుమ నున్న రాయి మాత్రము ఎవరిదియుకాని బరువై వ్రేలాడుచుండును. మనము ఆధారములతో నిలుపవలసినది ఆ కొలదిరాతినే గాని కొండనంతయు కాదు. కొండను నిలుపుట మానవశక్యము కాదు. అట్టి ప్రయత్నము ఎవరును చేయుటలేదు.

ఇక గోదావరి వెంట ఎగువకు పోవుదము. మా యానాముకడ సముద్రములో కలియు ఈ నదియే రామగుండము, మణుగూరు ప్రాంతములలో బొగ్గుపొరలుగల నేలమీదుగా వచ్చుచున్నది. ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కలదని భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో గుర్తించెను. అచ్చట 1889లో గనిపని మొదలయ్యెను. సింగరేణి అను గ్రామనామము తరువాత సంస్థ మొత్తమునకు పేరై నిలిచినది. కార్మికులు గనిని 'బాయి' యందురు, బొగ్గుబాయి యన్నమాట. మన నూతిపనివాని జ్ఞాపకము ఆ మాటలోనే యున్నది.

బాయిలో బొగ్గు తీయు పాత పద్ధతి యేమనగా, నిలువుగా అడ్డముగా గ్యాలరీలు త్రవ్వి, నడుమ చతురముగా బొగ్గును స్తంభములవలె విడిచిపెట్టుదురు. వీనిని పిల్లర్లందురు. 200 మీటర్ల లోతున, ఒక పిల్లరు నడిమినుండి మఱియొక పిల్లరు నడిమికి 30 మీటర్ల దూరమును, గ్యాలరీ వెడల్పు 4.2 మీటర్లును అనుకొందము. లెక్క వేసినచో నేలలో నూటికి 74 వంతులే మిగులును. చదరపు మీటరుకు 500 టన్నులుగా నున్న బరువు ఆ మిగిలిన పిల్లర్లపై సుమారు 676 టన్నులగును. పిల్లరు సన్నగించిన కొలది ఈ సంఖ్య పెరుగును. పిల్లరు బలమును మించినచో అది ప్రక్కలనుండి పెళ్లలు పెళ్లలుగా రాలును. దాని బరువు ప్రక్కపిల్లరుపై పడును. అదియు ఓర్వలేనిచో దాని ప్రక్కది. ఇట్లు ఒకదానివెంట ఒకటి కూలుట గనులలో మిక్కిలి భయంకరమైన ఉపద్రవము. దక్షిణాఫ్రికాలో కోల్‌బ్రూక్ గనియందు 1960 జనవరి 21వ తేదీన ఇదే జరిగి 430 మందికిపైగా మరణించిరి. పిల్లరు వెడల్పు, ఎత్తులనుండి దాని బలమును లెక్కించు సూత్రమును సాలమన్, మన్రో అను పరిశోధకులు 1967లో ప్రకటించుటకు ఆ దుర్ఘటనయే కారణము. ఆ గనిలో అంతకు మూడు వారములకు ముందే, 1959 డిసెంబరులో, ఒక భాగము కూలియుండెను. నేల ముందుగానే చెప్పినది. వినినవారు లేరు.

వినుట యన్నది ఇచ్చట అలంకారము కాదు. పూర్వపు గనిపనివారు నిజముగా చెవితోనే కప్పును పరీక్షించెడివారు. ఇనుపకడ్డీతో కప్పును తట్టినచో గట్టిరాయి ఖంగుమని మ్రోగును. పొర విడివడిన రాయి డొల్లగా డబడబమనును. సంతలో కుండ కొనునపుడు మన తల్లులు వ్రేలిమడమతో కొట్టి చూచుట ఇట్టిదే. కఱ్ఱ దిమ్మలు నిలిపిన రోజులలో మఱియొక సౌకర్యముండెను. బరువు పెరిగినపుడు కఱ్ఱ కిఱ్ఱుమని మూలుగును, నారలు చిట్లును, విరుగుటకు ముందు పరుగెత్తుటకు కొంత వ్యవధి నిచ్చును. కఱ్ఱకంటె ఇనుము బలమైనదని తెలిసియు పాతకాలపు పనివారు పలుదేశములలో కఱ్ఱనే యభిమానించుటకు ఈ మూలుగే కారణమని చెప్పుదురు.

ఇప్పుడు కప్పునకు ప్రధానమైన ఆధారము రూఫ్ బోల్టు. కప్పులో నిలువుగా రంధ్రము చేసి, ఒకటిన్నర మీటరో అంతకెక్కువయో పొడవుగల ఉక్కుకడ్డీని దూర్చి, సిమెంటుతోగాని రెజిన్ అను జిగురుతోగాని రాతికి అతికింతురు. దిమ్మ క్రిందినుండి మోయును. బోల్టు పొరలను ఒకదానికొకటి కుట్టివేయును. విడివిడిగా నున్న తాటియాకులు వంగును. అవే ఆకులను దారముతో బిగించి కట్టిన తాళపత్ర గ్రంథము వంగదు. ఇది బోల్టు రహస్యము. దారిలో అడ్డములేక యంత్రములు తిరుగుటకును ఇది అనుకూలము. కాని బోల్టు మూగది. కఱ్ఱవలె మూలుగదు. కావున ఆధారము బలపడినకొలది, కప్పు మాటను వినుటకు వేఱు సాధనములు అవసరమైనవి.

సాధనములకు ముందు అంచనానుగూర్చి ఒక మాట. బొగ్గుగనుల కప్పునకు మార్కులు వేయు పద్ధతి నొకదానిని 1980లలో ధన్‌బాద్‌లోని పరిశోధకులు రూపొందించిరి. పరీక్షాపత్రములు దిద్దువాడనగుటచే నాకు ఇది మిక్కిలి నచ్చినది. మొత్తము నూఱు మార్కులు. కప్పులోని పొరల మందమునకు 30, పగుళ్లు మొదలైన నిర్మాణ లక్షణములకు 25, నీటిగాలులకు రాయి చెడకుండుటకు 20, రాతిబలమునకు 15, నీటి ఊటకు 10. రాతిబలమునకు పదునైదే మార్కులగుట గమనింపదగినది. గట్టిరాయియైనను పలుచని పొరలుగా పగుళ్లతో నున్నచో అది మంచి కప్పు కాదు. మార్కులు అరువది దాటినచో మంచి కప్పు. నలువదికి దిగువ చెడ్డది.

ఈ మార్కులు ఊరక వేయుట కాదు. వీనినుండి వ్రేలాడు రాతిబరువును లెక్కించు సూత్రము కలదు. గ్యాలరీ వెడల్పును రాతి సాంద్రతచే గుణించి, దానిని మార్కులనుబట్టి మాఱు ఒక గుణకముచే గుణింపవలెను. వెడల్పు 4.2 మీటర్లు, ఘనమీటరు రాయి బరువు 2.2 టన్నులు అనుకొని నేను లెక్క వేసి చూచితిని. మార్కులు 60 ఐనచో గుణకము 0.20, చదరపు మీటరుకు సుమారు 1.85 టన్నుల బరువు. మార్కులు 40 ఐనచో గుణకము 0.54, బరువు సుమారు 5 టన్నులు. మార్కులు మూడవవంతు తగ్గగానే బరువు రెండున్నర రెట్లకు మించినది. 1.2 మీటర్ల కొక వరుసగా, వరుసకు ఎనిమిది టన్నులు మోయు బోల్టులు నాలుగు వేసినచో, ఆ వరుస మోయగలది 32 టన్నులు. మంచి కప్పులో దానిపై పడునది 9 టన్నులకు కొంచెము పైన; చెడ్డ కప్పులో 25 టన్నులు. అవే బోల్టులు, అదే దూరము. మొదటిచోట మూడు రెట్ల భద్రత, రెండవచోట ఒకటింబాతికయే. ఆ బోల్టులలో ఒకటి సరిగా అతుకకున్నచో మిగిలినది 24 టన్నులు, అది చాలదు. అందుచేతనే బోల్టులను వేసి ఊరకుండక, కొన్నిటిని యంత్రముతో లాగి పట్టును పరీక్షింతురు. అంచనా యొకచోట చేసినదైనచో పది మీటర్ల అవతల రాయి మాఱవచ్చును. కావున అంచనా ఎంత మంచిదైనను పర్యవేక్షణకు ప్రత్యామ్నాయము కాదు.

పర్యవేక్షణ సాధనములలో టెల్‌టేల్ అనునది మిక్కిలి సరళమైనది. బ్రిటనులోని బొగ్గుగనులలో 1990ల ప్రాంతమున వాడుకకు వచ్చి దేశదేశములకు ప్రాకినది. కప్పులో బోల్టు పొడవునకు మించిన రంధ్రము చేసి, పైన గట్టిరాతిలో ఒక తీగకొనను బిగింతురు. రెండవకొనకు పచ్చ, పసుపు, ఎఱుపు పట్టెలుగల చిన్న గొట్టము రంధ్రపు మూతికడ వ్రేలాడును. కప్పులోని పొరలు విడివడి దిగినకొలది గొట్టము లోనికి పోయినట్లై, పచ్చపట్టె మాయమై పసుపు, పసుపు మాయమై ఎఱుపు కనబడును. చదువు రానివాడును నడచుచు చూచి తెలిసికొనగలడు. ఇందులో రెండు గొట్టములు గల రకము మఱింత వివేకవంతమైనది: ఒకటి బోల్టు ఎత్తులోపలి కదలికను, మఱియొకటి బోల్టునకు పైనున్న కదలికను తెలుపును. లోపలి కదలికకు మఱికొన్ని బోల్టులు మందు. పైకదలికయైనచో బోల్టులతో కుట్టిన కప్పంతయు ఒక్క పలకగా దిగుచున్నదని అర్థము. అచ్చట ఎన్ని పొట్టిబోల్టులు వేసినను వ్యర్థమే. పొడవైన కేబుల్ బోల్టులు వేయవలెను, లేదా ఆ చోటు విడువవలెను.

కప్పునుండి నేలకు గల దూరమును కొలుచు కడ్డీలు, దిమ్మలపై పడు బరువును తెలుపు లోడ్‌సెల్లులు, పిల్లరులోని ఒత్తిడిని తెలుపు తీగసాధనములు మొదలైనవి మఱికొన్ని కలవు. వాని నిర్మాణమును వర్ణింపను. అన్నిటికిని సమానమైన విషయమొకటి చెప్పిన చాలును: ఒక్క కొలత వలన ప్రయోజనము లేదు. కప్పు మొత్తము ఎంత దిగినదనుటకంటె, నిన్నటికంటె నేడు ఎంత వేగముగా దిగుచున్నదనుట ముఖ్యము. ఒక కప్పు నెలదినములలో ఆఱు మిల్లీమీటర్లు దిగి నిలిచినదనుకొందము, అది సర్దుకొన్నది. మఱియొకటి మొదటిదినము అర, రెండవదినము ఒకటి, మూడవదినము రెండు మిల్లీమీటర్లు దిగినదనుకొందము; మొత్తము మూడున్నరయే, మొదటిదానిలో సగమునకు కొంచెము పైన. ఐనను రెండవ కప్పు క్రింద మనుష్యులుండరాదు. కావున ఒకే చోట, ఒకే విధముగా, ప్రతిదినము కొలిచి పుస్తకములో వ్రాయుటయు, దానిని గీతగా గీసి చూచుటయు కావలెను. ఇది ప్రతిభ కాదు. హాజరుపట్టీ వేయుటవంటి నిత్యకృత్యము. నిత్యకృత్యమునందు మనకు గల అలసత్వము సుప్రసిద్ధము.

కప్పు కూలకుండుటయే ప్రమాదమైన సందర్భమొకటి కలదు. గ్యాలరీలు పూర్తియైన పిమ్మట పిల్లర్లనుగూడ తీయుచు వెనుకకు మఱలుదురు. బొగ్గు తీసిన ఖాళీచోటును గోఫ్ అందురు. అచ్చట కప్పు ఎప్పటికప్పుడు కొంచెముకొంచెముగా కూలవలెను. గట్టి ఇసుకరాయి ఐనచో కూలక, విశాలముగా వ్రేలాడి, ఒక్కసారిగా పడును. అప్పుడు గోఫ్‌లోని గాలి తుపానువలె వెలికి కొట్టి మనుష్యులను విసరివేయును. దీనిని నివారించుటకు కప్పులో రంధ్రములు చేసి, మందుగుండు పేల్చి, కావలెనని కూల్చుదురు. ఆ పనిలో గోఫ్ అంచున పెట్టిన సాధనముల సంఖ్యలు చూచి వెనుకకు మఱలు వేళను నిర్ణయింతురు.

బొగ్గుగని రాయి విడివడి పడును. మిక్కిలి లోతైన గట్టిరాతి గనులలో రాయి ప్రేలును. తెలుగు మాట విరివిగా వినవచ్చు కోలారు జిల్లాలోని బంగారుగనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడువఱకు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినవి. అచ్చటి రాయి గట్టిదగుటచే వంగక, ఒత్తిడిని దాచుకొని, ఒకనాడు ఫిరంగివలె ప్రేలెడిది. అట్టిచోట మిల్లీమీటర్లు కొలిచి ప్రయోజనము లేదు. రాతిలోపలి చిన్నచిన్న చిట్లింపులను జియోఫోనులతో విని, అవి ఎచ్చట గుమిగూడుచున్నవో గుర్తించెడివారు. కడ్డీతో తట్టి వినుటకు ఇది మనుమడు. 1988లో స్థాపించిన జాతీయ శిలాయాంత్రిక శాస్త్ర సంస్థకు కోలారు బంగారుగనుల పట్టణమే జన్మస్థానమగుట సహజముగనే యున్నది.

తిరిగి దోమలపెంటకు వచ్చెదను. సొరంగమునకును గనికిని ఒక భేదము కలదు. గనివారు ఒకే పొరలో ఏండ్లతరబడి పనిచేయుదురు. నిన్నటి రాయి నేటి రాతిని కొంతవఱకు తెలుపును. సొరంగమో, ప్రతిదినము మునుపు చూడని రాతిలోనికి పోవును. శ్రీశైలము సొరంగము సుమారు 44 కిలోమీటర్ల పొడవునకు ఉద్దేశింపబడినది. పైన నల్లమల అడవి, అమ్రాబాద్ పులుల అభయారణ్యము. నడుమ నడుమ పైనుండి బావులు దింపి దారిని తెఱచుటకు వీలులేకపోయెను. కావున రెండు కొనలనుండి మాత్రమే త్రవ్వుచు పోవలసివచ్చెను. కూలిన చోటు ప్రవేశమునుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల. నీరును బురదయు రాళ్లును కలిసి యొక్కుమ్మడిగా వచ్చినవి. వెలుపలికి వచ్చుటకు అదొక్కటే దారి. పలువురు తప్పించుకొనగలిగిరి, ఎనమండుగురు రాలేకపోయిరి. సింగరేణి రక్షణదళములుగూడ వెదుకుటకు పోయినవి. 2023 నవంబరులో ఉత్తరాఖండమందలి సిల్‌క్యారా సొరంగములో చిక్కిన 41 మంది పదునేడు దినములకు సజీవులై వచ్చిరి. అచ్చట కూలినచోటికి ఆవల వారికి నిలుచు తావుండెను; దోమలపెంటలో అట్టి అదృష్టము లేకపోయెను.

సొరంగములో తెలియని రాతిని తెలిసికొనుటకు ముఖ్యోపాయము, త్రవ్వు ముఖమునకు ముందు సన్నని రంధ్రము పది ఇరువది మీటర్లు తొలిచి చూచుట. ఆ రంధ్రమున నీరు ఎంత వచ్చుచున్నది, స్వచ్ఛమా బురదయా, ఒత్తిడి ఎట్లున్నది అనునవి ముందున్న రాతిని తెలుపును. స్వచ్ఛముగా వచ్చు ఊట ఒక్కసారి బురదగా మాఱెనా, రాతిలోని మెత్తనిభాగము కొట్టుకొని వచ్చుచున్నదని యర్థము. మా నూతిపనివాడు ఇసుక పొంగుటను చూచి కేకవేయుటకు గల కారణమును ఇదియే.

ఐతే సాధనము చెప్పినదానిపై మనుష్యులను వెలికి రప్పించు అధికారము ఎవరిది? ఈ ప్రశ్న యంత్రములకంటె కష్టమైనది. బొగ్గుగనులకు 2017లో వచ్చిన నియమావళి, పొరల అదుపునకును పర్యవేక్షణకును ప్రతి గనికిని ఒక ప్రణాళిక నుండవలెనని విధించినది. ఇట్టి కట్టుబాటు గనులకు చిరకాలముగా నలవడినది. సొరంగములు నిర్మాణపనుల చట్టముక్రిందికి వచ్చుచుండెనుగాని గనుల సంప్రదాయము వానికి ఇంకను పూర్తిగా అబ్బలేదని నా యభిప్రాయము. నియమములున్నచోటను ప్రమాదము తప్పుననుట లేదు. 2022 మార్చి 7వ తేదీన రామగుండము ప్రాంతపు అడ్రియాల గనిలో కప్పు కూలి ముగ్గురు మరణించిరి. వారిలో ఒకరు ఆ ప్రాంతపు రక్షణాధికారి. ప్రమాదమును కనిపెట్టవలసినవాడును కప్పు క్రిందనే నిలుచును.

భాషాబోధకునిగా నాకు కనబడినది మఱియొకటి. దోమలపెంటలో చిక్కిన ఎనమండుగురు పంజాబు, ఉత్తరప్రదేశము, జార్ఖండు, జమ్మూకాశ్మీరములవారు. మన నేలలో పనిచేయుచు మన భాష ఎఱుగనివారు. గనుల చట్టము, చట్టసారమును ఆంగ్లమునందును నిర్ణీతమైన ఇతర భాషలయందును గనికడ వ్రేలాడదీయవలెనని చెప్పుచుండెను. కాని చట్టసారము వేఱు, ఆ క్షణమున వినబడు కేక వేఱు. నూతిలోనివానికిని గట్టుమీదివానికిని భాష యొకటియే గనుక కేక చాలుచున్నది. పై యధికారి ఆంగ్లమున, నడిమివాడు తెలుగున, పనివాడు హిందీలోనో భోజ్‌పురిలోనో ఆలోచించుచోట, పసుపుపట్టె కనబడినపుడు ఎవరితో ఏమనవలెనో ముందుగానే నిశ్చయింపవలెను.

ఆ బాలుని ప్రశ్నకు సమాధానముగా తొమ్మిదవ తరగతివారికి టెల్‌టేల్ బొమ్మను నల్లబల్లపై వేసి చూపి, దానిప్రక్కన గోడపై వ్రాయదగిన ప్రకటనను తయారుచేయుడని చెప్పితిని. అధికభాగము దరఖాస్తులవలె వచ్చినవి. "ఇందుమూలముగా తెలియజేయునది" అని మొదలిడినవారు కొందఱు. తప్పు వారిది కాదు, అట్లు నేర్పినవాడను నేనే. ఒక బాలిక మాత్రము మూడు పంక్తులు వ్రాసెను: "పచ్చ: పని చెయ్యి. పసుపు: వెంటనే చెప్పు. ఎరుపు: బయటికి పరుగెత్తు." క్రింద అవే మాటలను తనకు తెలిసిన హిందీలోను వ్రాసియుండెను. హిందీలో ఒక అక్షరదోషముండగా దిద్ది, ఆ కాగితమును తరగతిగోడకు అంటించితిని.